పుచ్చుపళ్ల సాగు: ఎడ్లపాడు పద్ధతి

పత్తికి, మిరపకు సలహాలిచ్చేవాళ్లు మా ఎడ్లపాడులో బజారుకొకరు ఉన్నారు. పిల్లల నోట్లో పుచ్చుపళ్లు పండించడం ఎలాగో చెప్పేవాళ్లే లేరు. అయినా దిగుబడికి లోటు లేదు. కాకపోతే ఎవరూ నేర్పని సాగు కదా, అక్కడక్కడా ఒకటో రెండో పళ్లు గట్టిగా మిగిలిపోతున్నాయి. వాటి సంగతి చూడటానికే ఈ నాలుగు మాటలు.

విత్తనం గురించి బెంగ వద్దు. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే సూక్ష్మజీవి పెద్దవాళ్ల నోటి నుంచే పిల్లలకు అందుతుంది. చెంచాతో మీరు రుచి చూసి, అదే చెంచాతో పిల్లాడికి పెడితే చాలు. ఇక ఎరువు పంచదార. ఆ సూక్ష్మజీవి పంచదారను తిని ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లానికి పంటి మీది ఎనామిల్ కరుగుతుంది.

సాగు ఏడాది లోపే మొదలుపెట్టాలి. పాలసీసాలో రెండు చెంచాల పంచదార కలిపి, సీసా నోట్లో ఉండగానే నిద్రపుచ్చండి. నిద్రలో లాలాజలం సరిగా ఊరదు కాబట్టి పళ్లను కడిగే దిక్కుండదు. పై వరస ముందు పళ్లు మొదట పోతాయి. కింది వాటికి నాలుక అడ్డం, అవి కాస్త ఆలస్యంగా చేతికొస్తాయి.

ఇప్పుడు అసలు మెలకువ. తీపి ఎక్కువ పెడితే పన్ను పుచ్చుతుందని చాలామంది భ్రమ. శివరాత్రికి కోటప్పకొండ తిరణాలకు తీసుకెళ్లి, ప్రభలు చూపించి, జీళ్లూ మిఠాయీ తినిపించి, ఇంటికి రాగానే పళ్లు తోమిస్తారు. ఏడాదికోసారి వచ్చే పండగను నమ్ముకుంటే ఏం పండుతుంది? ఎంత తిన్నాడన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరుగుతుంది. లాలాజలం దాన్ని సర్దేసరికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆ అరగంట గడవకముందే ఇంకో ముక్క పడాలి.

ఇది నా సొంత తెలివి కాదు. స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో 1940ల్లో, బుద్ధి ఎదగని రోగులకు, వాళ్ల సమ్మతితో పని లేకుండా టాఫీలు తినిపించి మరీ తేల్చారు. భోజనంతో పాటు తిన్న తీపి వల్ల పళ్లు పెద్దగా చెడలేదు. మధ్యమధ్యలో నమిలిన బంక టాఫీలు మాత్రం పిప్పి చేసేశాయి. ఇవాళ అలాంటి ప్రయోగం తలపెడితే లోకం ఛీ కొడుతుంది. మన ఇళ్లలో అదే పని ముద్దుకొద్దీ చేస్తున్నాం కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

దీనికి మిరపకోతల కాలం అనువు. తల్లి తెల్లారకముందే ఆటో ఎక్కి చేలోకి పోతుంది. తండ్రి స్పిన్నింగ్ మిల్లులో రాత్రి షిఫ్టు దిగొచ్చి పడుకుంటాడు. పిల్లాడు నాయనమ్మ పాలు. "ఏడవమాక నాన్నా, ఇదిగో పది రూపాయలు, కొట్టుకాడ ఏదన్నా కొనుక్కో" అంటుంది ఆవిడ. పొద్దున టీలో బిస్కెట్టు, కాసేపటికి లాలీపాప్, ఎండెక్కాక ఓ కూల్‌డ్రింకు, సాయంత్రం కారం గొట్టాలు. గొట్టాల్లో తీపి లేదే అని దిగులుపడొద్దు. ఆ పిండి పళ్ల సందుల్లో ఇరుక్కుని, లాలాజలం తగిలి మెల్లగా చక్కెరవుతుంది. (నాయనమ్మను తప్పుపట్టేవాళ్లు ఆ పది రూపాయలకు జామకాయ అమ్మే బడ్డీకొట్టు మా ఊళ్లో ఎక్కడుందో ముందు చూపించాలి.)

సాగుకు పెద్ద చీడ సర్కారు బడి. అక్కడ మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడతారు. 2023 మార్చి నుంచి రాగిజావ కూడా మొదలెట్టారు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. చిగుళ్ల కిందే తయారవుతున్న పళ్లకు ఇది బలం. కనుక "గుడ్డు వాసనొస్తది, జావ మనకెందుకు" అని ఇంట్లోనే నూరిపోయండి. అదే బడిలో ఇచ్చే పల్లీ చిక్కీ ఒక్కటి మన పక్షమే. బెల్లమైనా పంచదారైనా పంటికి ఒకటే. అయితే అన్నంతో పాటు తిని నీళ్లు పుక్కిలిస్తే వృథా. జేబులో దాచుకుని సాయంత్రం దాకా చప్పరించమనండి.

చిగుళ్ల పని తేలిక. బ్రష్ పెట్టగానే నెత్తురొస్తే తోమడం మానిపించండి. నెత్తురొచ్చేది ఎక్కువగా అక్కడ పాచి పేరుకున్నందుకే, తోమకపోతే ఇంకా పేరుకుంటుంది. జామ, ఉసిరి, నిమ్మ జలుబు చేస్తాయని దూరం పెట్టండి. సి విటమిన్ బొత్తిగా అందకపోతే చిగుళ్లు ఉబ్బి, మెత్తబడి, పళ్లు కదులుతాయి.

ఎవరైనా అడిగితే "పాలపళ్లేగా, ఊడిపోయేవే" అనండి. ఈ మాటతో ఇరవై పళ్లూ మాఫీ. వాటిలో వెనక దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవని చెప్పకండి. ఆరో ఏట వాటి వెనక, ఏ పన్నూ ఊడకుండానే, చప్పుడు లేకుండా ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. అదీ పాలపన్నే అనుకుని వదిలేయండి. నిజానికి అది ముసలితనం దాకా నమలాల్సిన పన్ను. ఇక సలుపు మొదలైతే, పంటిపురుగు తీస్తామంటూ వచ్చేవాళ్లున్నారు. పంట్లో పురుగే ఉండదు, అయినా తీసి చూపిస్తారు.

ఈ సాగు వద్దనుకునేవాళ్లకు ఒక్క పని. ఈ రాత్రి పిల్లల్ని పడుకోబెట్టేముందు నోరు తెరిపించి, సెల్‌ఫోన్ లైటు వేసి పళ్లన్నీ చూడండి. చిగురు అంచున సున్నం రాసినట్టు తెల్లమచ్చ కనిపిస్తే ఇంకా మించిపోలేదు. భోజనాల మధ్య తీపి మాన్పించి, రెండు పూటలా ఫ్లోరైడ్ పేస్టుతో తోమిస్తే ఆ మచ్చ అక్కడే ఆగొచ్చు. గుంట పడితే మాత్రం అది తనంతట పూడదు, పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.