సుత్తి శాస్త్రం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోవే. మూడింటా పనితనానికి కొదవ లేదు. ధర్మవరం మగ్గాల దగ్గర తెగిన పట్టుపోగును వెతికి అతికే ఓపిక ఉంది. పెనుకొండ దాపున ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ ఏ బోల్టు ఎంత బిగించాలో లెక్క ఉంటుంది. అదే జిల్లాలో సైకిల్ హ్యాండిల్ పట్టేసిందంటే మాత్రం లెక్కా ఓపికా రెండూ సెలవు పెట్టేస్తాయి. సుత్తి దిగుతుంది. నాలుగు దెబ్బలకు రాకపోతే ఎనిమిది, ఎనిమిదికీ రాకపోతే తీర్పు: "ఫోర్కు పోయింది సామీ, కొత్తది ఏయించుకోండి." అప్పీలు లేదు.

ఫోర్కు చేసిన నేరమేమిటో ఎవరూ చెప్పరు. మామూలు సైకిల్లో హ్యాండిల్ కాడ ఫోర్కు గొట్టంలోకి దిగి ఉంటుంది. కాడ అడుగున ఒక చీలిక, అందులో కోను ఆకారపు నట్టు. పైనుంచి పొడుగు బోల్టు బిగిస్తే నట్టు పైకెక్కి, కాడను విప్పార్చి, గొట్టం గోడకు అదిమేస్తుంది. విడిపించాలంటే నట్టు కిందికి జారాలి. బోల్టును నాలుగైదు చుట్లు వదులు చేసి, దాని తలమీద చెక్కముక్క పెట్టి ఒక్కటి తట్టడమే దీనికి మంత్రం. మన సుత్తివీరులు ముందుగా బోల్టునే పూర్తిగా ఊడబెరుకుతారు. ఇక తట్టడానికి ఏముంది? నట్టు లోపలే ఉండిపోతుంది. ఆపైన హ్యాండిల్‌ను కింది నుంచి బాదుతారు. ఆ బాదుడంతా బేరింగ్ గిన్నెల మీద పడి, గోళీలు కూర్చునే దారిలో గుంటలు పడతాయి. ఇంతకీ చాలా ఫోర్కుల్లో గొట్టం అడుగు తెరిచే ఉంటుంది. ముందు చక్రం తీసి, అడ్డంగా పోయే మడ్‌గార్డ్ బోల్టు విప్పి, కిందనుంచి టార్చి వేస్తే సరి. జారిపడిన నట్టు ఒక్కోసారి ఆ బోల్టు మీదే హాయిగా కూర్చుని ఉంటుంది. ఇంకా కాడలోనే ఇరుక్కుని ఉంటే పైనుంచి సన్నటి కడ్డీ పెట్టి కిందికి తట్టాలి.

తుప్పు పడితే ఇవేవీ పనికిరావంటారు. నిజమే, తట్టడం ఒక్కటే చాలదు. తుప్పుకు కావలసింది నూనె, ఆ నూనె లోపలికి దిగేందుకు ఒక రాత్రి. కొందరు రాత్రి దాకా ఎందుకని గ్యాస్ మంట పెడతారు. కాడ అల్యూమినియందైతే ఈ తెలివికి దండం పెట్టాలి: అదే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. లోపల కాడ ఉబ్బుతుంది, బయట ఉక్కు గొట్టం అంత సాగదు. వదలాల్సినది ఇంకా బిగుస్తుంది, రంగు మాత్రం చక్కగా ఊడిపోతుంది.

బలమైన అభ్యంతరం ఒకటుంది: రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పావుగంట కష్టపడితే ఆ కూలి ఎవరిస్తారు? ఈ మాటకు మెకానిక్‌ను వెక్కిరించలేం. కొత్త ఫోర్కుకు కిమ్మనకుండా డబ్బిచ్చే మనం, పాతదాన్ని కాపాడిన చేతికి ఇవ్వాలంటే బేరమాడతాం. సామాను అమ్మితే లాభం, పనితనం చూపితే నష్టం అని నేర్పింది మనమే. అయినా ఆ నష్టానికి పరిహారం ఫోర్కు ఎందుకు చెల్లించాలి?

బడికొస్తా పథకంలో ఆడపిల్లకు ఇచ్చిన సైకిలైనా, సంతలో కొన్న పాతదైనా, పిల్ల ఎదిగేకొద్దీ హ్యాండిల్ ఎత్తాల్సిందే. ఎత్తించేటప్పుడు కాడకు గ్రీజు పూయమనండి, కాడమీద గీసిన హద్దు గీత దాటనివ్వకండి. పట్టేస్తే సైకిల్‌ను ఒక రాత్రి షాపులో వదలండి, పొద్దున వెళ్లి ఆ పనికి అడిగిన కూలి ఇచ్చి తెచ్చుకోండి.