బాబాయి లెక్క

మీరు ఏది కొన్నా "ఎంత పోశావ్?" అని అడిగి, ఎంత చెప్పినా "ముంచేశాడ్రా నిన్ను" అని తేల్చేసే మనిషి ప్రతి వంశంలోనూ ఒకరుంటారు. మా వంశంలో ఆ పదవి లండన్‌లో స్థిరపడిన మా బాబాయిది. చొక్కా దగ్గర్నుంచి ఇంటి స్థలం దాకా అన్నిటికీ తీర్పులిస్తాడు గానీ, ఆయన అసలు విద్య బయటపడేది పాత పొగాకు పైపుల దగ్గర.

అలాగని కాల్చడు. గుండెకి స్టెంటు పడ్డాక డాక్టరు వద్దన్నాడు, పిన్ని ఒట్టు వేయించుకుంది. అయినా అల్మరా నిండా పైపులే. మా తాత లంక పొగాకు చుట్ట కాల్చి పీక పెరట్లోకి విసిరేసేవాడు. ఆయన కొడుకేమో, ఎవరో కాల్చి వదిలేసిన పైపుల్ని డబ్బిచ్చి మరీ ఇంటికి తెస్తున్నాడు.

శనివారం వస్తే పోర్టొబెల్లో రోడ్డు సంతకి బయల్దేరతాడు. ఆ రోజు చుట్టాలెవరైనా ఇంట్లో దొరికారా, ఇక టవర్ బ్రిడ్జి చూసినట్టే! వానలో ఆయన వెనక గొడుగు పట్టాల్సిందే. నేను పట్టాను, అందుకే ఇది రాస్తున్నాను.

పైపు చేతికి రాగానే ముందు వాసన చూస్తాడు. తర్వాత జేబులోంచి భూతద్దం, చిన్న టార్చి తీస్తాడు. గిన్నె లోపల పేరుకున్న మసి పల్చగా ఉంటే మంచిదే, మందంగా కడితే వేడికి ఉబ్బి చెక్కని చీలుస్తుంది. అంచు మాడిందా? కాడలో వెంట్రుకవాసి పగులుందా? నోట్లో పెట్టుకునే ముక్క సాధారణంగా గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. ఎండ తగిలితే నలుపు పోయి పాచిరంగుకి తిరుగుతుంది. "పాచిరంగుకి భయపడకురా, రుద్దితే పోతుంది. పగిలితే మాత్రం పైసా చెయ్యదు" అంటాడు.

ఆపైన ముద్రలు. పీటర్సన్ పైపు మీద 'రిపబ్లిక్ ఆఫ్ ఐర్లాండ్' అని ఉంటే అది 1949కి ముందుది కాదు, ఆ దేశం రిపబ్లిక్ అయిందే అప్పుడు. అమ్మేవాడు దాన్ని 1930ల నాటిదంటే బాబాయికి పండగే. డన్‌హిల్ పైపుల మీదుండే తెల్లచుక్క చూసి కూడా మురిసిపోడు. చుక్క ఉండేది నోట్లో పెట్టుకునే ఊడొచ్చే ముక్క మీద, దాన్ని ఏ అనామకపు గిన్నెకైనా తగిలించొచ్చు. కాడ మీద ముద్ర కూడా కలిస్తేనే నమ్ముతాడు.

"అడిగిన రేటు రేటు కాదురా, అమ్ముడుపోయిన రేటే రేటు" అన్నది ఆయన సిద్ధాంతం. వేలాల్లో ఏది ఎంతకి పోయిందో నోటుబుక్కులో రాసుకుంటాడు. ఆ రేటులోంచి బాగుచేసే ఖర్చు తీసేస్తాడు. ఇంతవరకూ లెక్క న్యాయమే. ఆ తర్వాత వచ్చినదాన్ని ఊరికే సగం చేస్తాడు, గుంటూరువాడు కదా!

నేను గొడుగు పట్టిన రోజు ఓ ముసలి దొర ఒక పైపుకి నలభై పౌన్లన్నాడు. "మొహంలో ఇష్టం కనపడనీకు" అని నాతో తెలుగులో గొణిగి, బాబాయి పదిహేనన్నాడు. దొర నవ్వి తల అడ్డంగా ఊపాడు. బాబాయి పైపు కింద పెట్టి, వెనక్కి పిలుస్తాడన్న ధీమాతో నడక సాగించాడు. బేగంబజారులో అయితే మూడో అడుక్కే పిలుపొచ్చేది. ఈ దొర పేపరు తీసి చదువుకోసాగాడు. మేం సందు చివరిదాకా పోయి, అక్కర్లేని ఇత్తడి గంటలు బేరమాడి, అనుకోకుండా వచ్చినట్టు మళ్లీ అదే బల్ల ముందు తేలాం. ముప్పై అయిదుకి తెగింది. ఇంటికెళ్లి పిన్నికి పన్నెండని చెప్పాడు. "మీ పన్నెండు నాకు తెలుసులెండి" అని ఆవిడ మూడుతో హెచ్చవేసుకుంది.

సాయంత్రం దాన్ని తుడిచి, మైనం రుద్దాడు. బ్రయర్ చెక్క మీద చారలు ఒక్కొక్కటే పైకి తేలాయి. పళ్ల గాట్లు నాకు చూపించి, "ఎడమ పక్కనే కరిచిపట్టాడు చూడు. కుడిచేత్తో ఏదో రాసుకునేవాడై ఉంటాడు" అన్నాడు. గొడుగు పట్టిన కోపం సగం అక్కడే దిగిపోయింది.

మిగతా సగం దిగకపోడానికి కారణం మా ఆవిడకి అదే సంతలో కొన్న శాలువా. "ఎంత పోశావ్?" అన్నాడు. పదిహేను ఇచ్చి, ఎందుకైనా మంచిదని ఎనిమిదన్నాను. "ముంచేశాడ్రా నిన్ను!"

ఇలాంటి బాబాయి మీకుంటే పాత వస్తువు కొనేటప్పుడు తప్పక వెంట తీసుకెళ్లండి, పగులనేది ఆయన కన్ను దాటిపోదు. కొన్నాక మాత్రం ధర చెప్పకండి.