హలాయుధులవారు

తాపీనదికి దక్షిణమున, ఒకప్పుడు పంటపొలముల నడుమ పల్లెయై యుండి, నేడు బహుళ అంతస్తుల భవనముల నీడలో పేరుమాత్రము నిలుపుకొన్న సూరతు నగరపు ఆల్థానునందు దున్నుటకు మడి లేదు, మడికి గట్టు లేదు. కాలువ యన్నదొకటి రోడ్డు పేరులో మిగిలి యున్నది. అట్టి చోట పదునాలుగు దుక్కియంత్రములకు అధిపతియై, వానిలో నొక్కదానితోనైనను జానెడు నేల దున్నక, దున్నవలెనను సంకల్పమైనను లేక, మిక్కిలి సుఖముగా కాలక్షేపము చేయుచున్న గృహస్థు ఒకరు మా భవనమున మూడవ అంతస్తులో కలరు.

వారి అసలు పేరు చెప్పుట మర్యాద గాదు. నాగలిని ఆయుధముగా ధరించిన బలరామునకు హలాయుధుడని పేరు గదా! ఆ మహానుభావుడు నాగటికొనతో యమునను తన దారికి ఈడ్చుకొనెను. వీరు ఆదివారమునాడు దొరికినవారినెల్ల తమ షెడ్డునకు ఈడ్చుకొని పోవుదురు. కనుక సూరతులోని తెలుగువారము వారిని హలాయుధులవారని చాటున పిలుచుకొనుచున్నాము. తణుకు ప్రాంతమున పుట్టి, హజీరాలో నొక కర్మాగారమున పాతికేండ్లు కొలువుచేసి విరమించిరి. నేనా, లింబాయతు పేటలో చేతిమగ్గములు విడిచి మరమగ్గములకై తెలంగాణమునుండి తరలివచ్చిన పద్మశాలీల బిడ్డలకు, మున్సిపాలిటీవారి తెలుగు బడిలో ఓనమాలు దిద్దించినవాడను. నాకు యంత్రములు తెలియవు, వినుట తెలియును. వారికి కావలసినదియు నదియే.

తపాలాబిళ్ళలు పోగుచేయువానికి ఒక పుస్తకము చాలును. నాణెములు పోగుచేయువానికి పాత బిస్కట్టు డబ్బా చాలును. పవర్ టిల్లర్లు, బుల్లి ట్రాక్టర్లు, వాని వెనుక తగిలించు నాగళ్ళు, రోటావేటర్లు, కేజ్‌వీళ్ళు పోగుచేయువానికి మాత్రము ఇరుగుపొరుగువారి సహనము కావలెను. పాండేసరాలో అద్దెకు తీసుకొన్న షెడ్డు నిండిన పిమ్మట, మిగిలిన సరుకు మా సొసైటీ పార్కింగులోనికి దిగినది. సెక్రటరీ మూడు నోటీసులంటించెను. మూడింటిని హలాయుధులవారు శ్రద్ధగా చదివి, వాని వెనుకవైపు తెల్లగా నున్నదని గమనించి, గేరుబాక్సుల మీది అచ్చులు తీయుటకు వాడుకొనిరి.

ఈ అచ్చుల సంగతి కొంచెము వివరించి చెప్పవలెను. వారిది వస్తుకాంక్ష యని లోకులనుకొందురు గాని, అది పొరపాటు, వారిది నామకాంక్ష. భంగారువాని, అనగా పాత ఇనుపసామాను వర్తకుని, కొట్టులో తుప్పుపట్టి పడియున్న ఇనుపముద్దను చూడగనే వారికి కన్నులలో నీరు తిరుగును. బేరమాడరు. ఇంటికి తెచ్చి, కిరసనాయిలుతో కడిగి, గీరుడుబ్లేడుతో రంగుల పొరలను ఒక్కొక్కటిగా విప్పుదురు: పైన మొన్నటి యజమాని పూసిన నీలము, దాని క్రింద పచ్చ, ఆ క్రింద నారింజ. పేరుపలక యుండవలసిన చోట రెండు రివిట్టు తూట్లు మాత్రమే కనబడినచో వారి ఉత్సాహము ఇనుమడించును. పోతపోసిన ఇనుముమీద ఉబ్బుగా నున్న అంకెలపై కాగితము పరచి, పెన్సిలు వాలుగా పెట్టి, ఊపిరి బిగబట్టి రుద్దుదురు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు శాసనముల నక్షరములు విప్పునపుడు సైతము ఇంతటి భక్తితో కూర్చుండిరో లేదో! పేరు తేలినదా, రిజిస్టరులో తయారీదారు, నమూనా, సంవత్సరము, క్రమసంఖ్య అను నాలుగు గడులు నిండినవా, ఆ యంత్రముతో వారి పని తీరినది. తరువాత అది మరల తుప్పుపట్టుటకు వారికి అభ్యంతరము లేదు. పేరుతో తుప్పుపట్టుచున్నది గదా!

వారి జ్ఞాపకశక్తి వింతయైనది. హైదరాబాదులో తయారైన ‘కృషి’ టిల్లరును చీకటిలో చేతితో తడిమి గుర్తింపగలరు. బెంగుళూరు వీఎస్‌టీవారికి మిత్సుబిషీతోను, కేరళలో ఆథానియందలి కామ్కోవారికి కుబోటాతోను గల చుట్టరికములను గోత్రప్రవరలవలె ఏకరువు పెట్టగలరు. మనదేశపు తొలి ఐషర్ ట్రాక్టరు ఫరీదాబాదులో వెలువడినది 1959 ఏప్రిల్ 24న యని తిథిచెప్పగలరు. వడోదర హిందుస్థాన్ ట్రాక్టరును గూర్చి ఒక్క మాట ఆడితిమా, ఆ పూట భోజనము ఆలస్యమైనట్లే. తమ వివాహదినము మాత్రము వారికి గుర్తుండదు. ఒకనాడు నాయెదుటనే వారి శ్రీమతి, “ఏమండీ, మన పెళ్ళి ఏ సంవత్సరంలో అయిందో మాస్టారికి చెప్పండి చూద్దాం” అని పరీక్ష పెట్టినది. వారు తడుముకొనలేదు. “కామ్కో పెట్టింది 1973. ఆ మరుసటేడు” అనిరి. ఆమె నావైపు చూచి, “నెల అడగలేదు, నా అదృష్టం” అని వడియములు తిరగవేయుటకు మేడమీదికి పోయినది. ఆ వడియముల గుడ్డ పరచియున్నది కేజ్‌వీలు మీదనని వేరుగ చెప్పనక్కరలేదు. బురదమళ్ళలో దమ్ముచేయుటకు పుట్టిన ఆ ఇనుపచట్రమునకు ఆ ఇంట దొరికిన సద్వినియోగము అదియొక్కటే.

ఇక బార్డోలీ దగ్గర జరిగిన పెండ్లి కథ. వరుడు చెరకు రైతుబిడ్డడు. తాతగారి నాటి ట్రాక్టరును పూలతో అలంకరించి దానిపై ఊరేగి వచ్చుచుండెను. పూలదండల సందున ఎర్రని బానెట్టు తళుక్కున మెరిసినంతనే మా హలాయుధులవారు, పట్టుకండువాతో సహా, చక్రముల నడుమకు దూరిరి. బ్యాండువారు ఆగిరి, పెండ్లికొడుకు అశుభమేదో జరిగినదని తెల్లబోయెను. కొంతసేపటికి కండువా నిండ గ్రీజుతో బయటికి వచ్చి, వరుని తండ్రిని సానుభూతితో భుజముతట్టి, “బానెట్టు ఇంటర్నేషనల్ బి-275దే, కాదనను. కానీ లోపల ఇంజను వేరేదండీ. ఇది పరకాయప్రవేశం” అని ప్రకటించిరి. ఆ ముసలి రైతు తండ్రి నాటి ట్రాక్టరని వియ్యాలవారికి గొప్పగా చెప్పుకొన్నవాడు. ఆ రాత్రి మాకు భోజనము పెట్టిరి గాని, కొసరి వడ్డించిన వారు లేరు.

ఇట్టి సర్వజ్ఞునకు నిరుడు ఒక గండము వచ్చినది. ఉధనాలో ఒక భంగారుకొట్టునుండి మూడు చక్రముల విచిత్రవాహన మొకటి తెచ్చిరి. ముందుభాగము చూడ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు; వెనుక ఒకటికి బదులు రెండు చక్రములు; ఇంజను నీళ్ళమోటారుకు వాడు డీజిలు రకము; తోకవైపు అడ్డముగా ఒక ఇనుపదూలము, దానికి మన గుంటకవంటి పలుగు. ఈ గుంటకను ఇచ్చటి రైతులు కరబు అందురు. ఏ కేటలాగులోను ఇట్టి ప్రాణి లేదు. మూడు రాత్రులు రుద్దగా రుద్దగా మడ్‌గార్డుమీద పది అంకెలు తేలినవి. మొదటివి రెండు 98. హలాయుధులవారు నన్ను అర్ధరాత్రి లేపిరి. “దొరికింది మాస్టారూ! 98 అంటే 1998. అమెరికాలో బ్రిగ్స్ స్ట్రాటన్ వాళ్ళు ఇంజన్ల మీద తేదీ ఇలాగే వేస్తారు!” అనిరి. నేను తలయూపితిని. నిద్రమబ్బులో తలయూపుట సులభము.

మరునాడు మా వాచ్‌మను, అమ్రేలీ జిల్లానుండి వచ్చినవాడు, టీగ్లాసుతో అటు వచ్చి, “అరే కాకా, ఆ తో సాంతీ ఛే!” అనెను. అది బుల్లెట్ సాంతీ యట. ఆ జిల్లావాడే యగు మన్‌సుఖ్‌భాయి జగానీ 1994లో ఎద్దులు పోషింపలేని రైతులకై మోటారుసైకిలుకు వెనుకచక్రము తీసి రెండు చక్రములు, దుక్కిపరికరములు తగిలించి మొదలుపెట్టగా, చూచి చూచి ఊరూర లుహార్లు, అనగా కమ్మరులు, తమకు తోచిన తీరున అతికి అమ్ముచున్నారట. “మరి ఈ క్రమసంఖ్య?” యని హలాయుధులవారు క్షీణస్వరముతో అడిగిరి. వాచ్‌మను వంగి చదివి, జేబునుండి సెల్లు తీసి, ఆ పది అంకెలు నొక్కి, వారి చెవిదగ్గర పెట్టెను. అవతల లుహారు పలికెను. ఇంకొకటి కావలెనా, పాతది బాగుచేయవలెనా యని అడిగెను.

వారు రెండుదినములు షెడ్డునకు పోలేదు. అన్నము సహింపలేదట. కంపెనీ లేని యంత్రము, నమూనా లేని యంత్రము, సంవత్సరము అడిగిన ఆ లుహారుచే “మా మేనమామ పెళ్ళప్పుడు” అని చెప్పబడు యంత్రము! నేను పరామర్శకు పోయి, వారే నాకు పలుమార్లు చెప్పిన కథను వారికి జ్ఞాపకము చేసితిని: తోట ట్రాక్టర్లకు ఆదిపురుషులలో ఒకడని వారు చేతులు జోడించు గ్రేవ్‌లీ, అమెరికాలో పశ్చిమ వర్జీనియావాడు, 1916 ప్రాంతమున తొలి మోటారునాగలిని దేనితో చేసెను? ఒక త్రోపుడునాగలితోను, పాత మోటారుసైకిలు భాగములతోను గదా! అతనికి పేటెంటు దొరికెను, లుహారునకు మడ్‌గార్డు దొరికెను. భేదమంతియే గదా యంటిని. హలాయుధులవారు చాలసేపు మౌనముగా నుండి, కళ్ళజోడు తుడుచుకొని, రిజిస్టరు తెప్పించిరి. తయారీదారు: లుహారు. నమూనా: సాంతీ. సంవత్సరము: మేనమామ పెండ్లి. క్రమసంఖ్య గడిలో ఆ సెల్లునంబరే వ్రాసిరి. ఆ గడి నిండినప్పుడు వారి ముఖమున వెలిగిన ప్రసన్నత నేను మరువలేను.

పాఠకులకొక మనవి. మీ పెరటిలోగాని, మీ బావగారి పాకలోగాని, పేరుపలక ఊడిన కృషి టిల్లరు ఒకటి గడ్డివాము క్రింద పడియున్నచో, దయచేసి ఆ సంగతి ఆల్థానువరకు రానీయకుడు. మా సొసైటీ పార్కింగులో ఇంకొక్క చోటే ఖాళీగా మిగిలినది. అది నాది.