ఉమ్మడి జాడీలో తడి గరిటె

ఒంటరిగా నడిపితే పాసై, మిగతా వాటితో కలిపి నడిపితే ఫెయిలయ్యే యూనిట్ టెస్టు, అనగా ప్రోగ్రాములోని ఒక చిన్న భాగాన్ని విడిగా పరీక్షించే కోడు, మనిషిని రోజుల తరబడి పీడించగలదు. దీనికి మూలం చాలాసార్లు అసలు కోడులో గాక, టెస్టులన్నింటికీ ఉమ్మడిగా అందించే కాన్ఫిగరేషన్‌లో, అంటే డేటాబేసు చిరునామా, టైమౌటు వంటి అమరికల పట్టికలో ఉంటుంది. పైథాన్‌లో విరివిగా వాడే పైటెస్ట్‌లో ఈ పట్టికను 'ఫిక్స్‌చర్'గా, అనగా టెస్టుకు ముందే సిద్ధంచేసి చేతికందించే సరంజామాగా, కాన్ఫ్‌టెస్ట్ డాట్ పై అనే ఫైలులో రాసి ఉంచితే, ఎవరూ ఇంపోర్టు చేసుకోకుండానే, కడబంతిన, అంటే ఎంత లోపలి ఫోల్డరులో, కూర్చున్న టెస్టుకైనా పేరు పెట్టి అడిగితే చాలు, వడ్డన జరిగిపోతుంది.

మామూలుగా ఫిక్స్‌చర్ ప్రతి టెస్టుకూ కొత్తగా తయారవుతుంది. అయితే పొదుపరి ఒకడు దాని పరిధిని 'సెషన్' అని మార్చితే, మొత్తం పరుగుకు ఒకే పట్టిక తయారై అందరి చేతులూ మారుతుంది. ఒక టెస్టు అందులోని టైమౌటును 30 నుంచి 0కు మార్చి, తిరిగి సరిచేయకుండా వెళ్లిపోతే, ఏ పాపమూ ఎరుగని తర్వాతి టెస్టు ఫెయిలవుతుంది.

ఇక్కడ ఆవకాయ జాడీని ప్రస్తావించక తప్పదు. ఏడాదికి సరిపడా కలిపి వాసెన కట్టిన పెద్ద జాడీని రోజూ తెరవరాదని, పొడి గరిటెతో వారానికి సరిపడా చిన్న జాడీలోకి తీసుకోవాలని ఇళ్లలో శాసనం ఉండేది. ఈ శాసనాన్ని ఉల్లంఘించే తడి గరిటెలు రెండు తెగలు: కడిగి తుడవనిది మొదటిది, పెరుగన్నం కలిపిన చేత్తో పట్టుకున్నది రెండవది, రెండవ తెగవారు తాము గరిటెనే వాడామని ప్రమాణం చేయగలరు, అది అబద్ధమూ కాదు. బూజు కనిపించేసరికి దోషి ఊరు దాటి ఉంటాడు గనుక, నింద ఉప్పు మీదికి, అక్కడినుంచి నూనె మీదికి, చివరకు కోడలి మీదికి పోతుంది.

టెస్టులను ఎక్స్‌డిస్ట్ అనే ప్లగిన్‌తో నాలుగు ప్రాసెస్‌లలో సమాంతరంగా నడిపితే ఒక్కొక్క ప్రాసెస్‌కు ఒక్కొక్క జాడీ దక్కుతుంది, ఏ టెస్టు ఏ జాడీ పాలవుతుందో పరుగు పరుగుకూ మారవచ్చు గనుక, బూజు ఒకనాడు కనిపించి మరునాడు మాయమవుతుంది. అప్పుడు అందరూ చేసే చికిత్స 'మళ్లీ నడుపు' అన్న బటన్ నొక్కడమే. నెలకు ఎన్ని గంటలు ఈ బటన్ కింద నలుగుతాయో లెక్క రాసేవాడు లేడు.

చిన్న జాడీ నియమం పెట్టిన పెద్దావిడ ఉన్నన్నాళ్లూ అది చాదస్తంగానే చెల్లింది. అలాగే కాన్ఫ్‌టెస్ట్ ఫైలు పాత ప్రతులను వెదికితే, పట్టికను ప్రతి టెస్టుకూ నకలు తీసి ఇచ్చే ఒకే ఒక్క వరుస ఒక్కోసారి కనిపిస్తుంది. రాసినవారు ఉద్యోగం మారి చాలాకాలమై ఉంటుంది, ఆ వరుసను తొలగించిన మార్పు పక్కన కారణంగా 'అనవసరం' అని ఉంటుంది.