గోడ మీద దున్న

మా అపార్టుమెంటు ప్రెసిడెంటు గారు ఆఫ్రికాలో దున్నను కొట్టిన సంగతి గుణదల మొత్తానికి తెలియడానికి రెండు రోజులు పట్టలేదు. తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలితే లిఫ్టులో పట్టుకుని చెప్పేవారు. అయిదో అంతస్తు వచ్చేసరికి కథ సగంలోనే ఉండేది కాబట్టి మళ్ళీ గ్రౌండు ఫ్లోరు నొక్కేవారు.

డల్లాసులో ఉండే తోడల్లుడు కూడగట్టిన బ్యాచి అది. నలుగురు మనుషులు, దక్షిణాఫ్రికాలోని లింపోపో, వారం రోజులు. అక్కడ జూలై అంటే చలికాలం. గడ్డి ఎండిపోయి జంతువులు బాగా కనిపిస్తాయి. మన దగ్గర 1972 చట్టంతో వేట ముగిసింది, కెన్యా కూడా 1977లో ఆపేసింది. దక్షిణాఫ్రికాలో మాత్రం వేటకు ధరల పట్టిక ఉంటుంది. రోజు ఖర్చు వేరు, జంతువు ఖర్చు వేరు. ఇంపాలా జింకకో రేటు, జీబ్రాకో రేటు, కేప్ బఫెలోకు ఏకంగా వేల డాలర్లు. గుండు తగిలి అది పారిపోయినా సరే, నేల మీద నెత్తురు చుక్క కనిపిస్తే బిల్లు పడుతుంది.

"పెళ్ళి క్యాటరింగులాగేనండీ. ప్లేటు ఎత్తితే లెక్క. తిన్నారా లేదా అని అడగరు" అని ప్రెసిడెంటు గారే చెప్పారు.

పరదేశీయుణ్ణి ఒంటరిగా వేటకు వదలరు. లైసెన్సున్న ప్రొఫెషనల్ హంటరు పక్కనే ఉండాలి. ఆయనకు ముందు జాడ తీసే మనిషి నడుస్తాడు. గిట్టల గుర్తులు చూసి, పేడలో వేలు పెట్టి వెచ్చదనం చూసి, ఎంతసేపటి కిందట వెళ్ళిందో చెబుతాడు. దున్న కనపడగానే మూడు కాళ్ళ కర్ర పాతి, దాని మీద తుపాకీ ఆన్చి, భుజం వెనక ఎక్కడ కొట్టాలో చెవిలో చెబుతారు. ఇక మనం వేలు కదపాలి.

"ఆ వేలు కదపడంలోనే ఉందండీ అంతా!"

"రెండో చప్పుడు కూడా వినపడిందే వీడియోలో?" అన్నాడు సెకండు ఫ్లోరు కుర్రాడు.

"అది హంటరుగారిది. జాగ్రత్తకి పేలుస్తారు. రివాజు."

డబ్బున్నవాళ్ళ వేట మన తెలుగువాళ్ళకు కొత్తేం కాదు. విజయనగరం విజ్జీగారు మూడు వందలకు పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవారు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన మన క్రికెట్ జట్టుకు కెప్టెనూ ఆయనే. అక్కడ ఒక మ్యాచిలో ఎదుటి కెప్టెనుకు బంగారు గడియారం బహూకరించి సులువైన బంతులు వేయించుకున్నారని ఒక కథ. అది నాలిక చివరిదాకా వచ్చింది గానీ, మెయింటెనెన్సు బాకీ ఉన్నవాణ్ణి, మింగేశాను.

"డబ్బు ఎవరికి కట్టారు, ఫారెస్టు వాళ్ళకా?" అడిగారు ఎవరో.

"ఎస్టేటు ఓనరుకండీ. అక్కడ 1991లో చట్టం చేశారు. కంచె సరిగ్గా ఉంటే లోపలి జంతువులన్నీ ఓనరువే. అక్కడ దున్నంటే ఆస్తి! 2012 వేలంలో ఒక తల్లీ దూడల కోసం రామఫోసా దాదాపు 2 కోట్ల ర్యాండ్ల దాకా పాట పెంచాడు. తర్వాత దేశానికే ప్రెసిడెంటయ్యాడు" అని, ఆ పదవి తనకూ ఉన్నందుకేమో, చొక్కా సర్దుకున్నారు.

దున్న తల తెచ్చుకోవాలంటే కాగితాలతో పెద్ద తంటా అని అక్కడే వదిలేశారు. బదులు నాలుగడుగుల ఫొటో చేయించి, మేరీమాత కొండ కనిపించే కిటికీకి ఎదురుగా హాల్లో బిగించారు. దున్న మూతి కింద రాయి పెట్టి, నెత్తురు తుడిచి, కూర్చోబెట్టినట్టుగా తీసిన ఫొటో. కొమ్ముల మీద తుపాకీ, వెనక మోకాలి మీద ఈయన.

ఆదివారం అందరం కాఫీలు తాగుతుంటే నెల డబ్బుల కోసం పాలావిడ వచ్చింది. నిడమానూరు మనిషి, ఇంట్లో నాలుగు గేదెలు. గుమ్మంలోనే ఆగి ఫొటో వంక అలా చూస్తూ ఉండిపోయింది.

"ఏంటే, భయమేసిందా?"

"లేదండీ. చెవి చూస్తన్నా."

"చెవేంటి?"

"చిల్లుందిగా. పోగు పీకేశారు."

కాఫీ గ్లాసులు దించి అందరం దగ్గరికి వెళ్ళాం. ఎడమ చెవి మధ్యలో, పెన్సిలు పట్టేంత, గుండ్రంగా ఉంది.

"పోట్లాటలో చిరిగుంటుంది" అన్నారు ప్రెసిడెంటు గారు.

"చిరిగితే చీలికుంటదండీ. ఇది మిషనుతో కొట్టిందే. దూడప్పుడు ఏసుంటారు, అంచులు నున్నగా మానిపోయినయ్యి. మా గేదెలకీ ఇన్సూరెన్సుకని అట్టాగే ఏశారు." కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫొటో దగ్గరగా వచ్చింది. "ఇంతకీ ఎంతొచ్చిందండీ?"

"ఏంటి వచ్చేది?"

"డబ్బులండీ. నిరుడు మా పెద్ద గేదె చస్తే డాక్టరు గారొచ్చి, పోగు నంబరు చూసి రాసిచ్చారు. కంపెనీవోళ్ళు కట్టారు."

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. "నాకెవరూ ఇవ్వలేదు. నేనే కట్టాను."

పాలావిడ ఆయన వంకా, దున్న వంకా మార్చి మార్చి చూసింది. చేతిలో పాల లెక్కల పుస్తకం మూసేసింది.

"అయ్యో! పోన్లెండి బాబుగారూ, ఈ నెల పాల డబ్బులు తర్వాతిద్దురు."