కెర్నల్ బాబాయి

భిలాయి నగరమున సెక్టార్లన్నియు ఇంచుమించు ఒక్క రీతినే కట్టబడినవి గాని, అందు వసించు మనుష్యులు అట్లు కట్టబడలేదనుటకు మా కెర్నల్ బాబాయియే ప్రబల నిదర్శనము. ఇచ్చటి ఉక్కు కర్మాగారమునకై 1955లో సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారి చేతులమీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసునకు ప్రారంభోత్సవము జరిగిన కాలమునుండి, శ్రీకాకుళ విజయనగర ప్రాంతములు విడిచి వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. ఆ కుటుంబములలో, ప్లాంటున ఉద్యోగ విరమణ చేసి, కొడుకులు బెంగుళూరు చేరగా, వారు వదలిపోయిన పాత కంప్యూటరును కడగొట్టు కొడుకువలె సాకుచున్న పెద్దమనిషి సెక్టారునకొక్కడైన దొరకకపోడు. అన్యులు లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును దించుకొని వాడుకొందురు. ఈ జాతివాడు దాని గుండెకాయయగు కెర్నల్‌ను స్వహస్తములతో కట్టుకొననిదే నిద్రపోడు.

మేక్ మెనూకాన్ఫిగ్ అని కొట్టి, పట్టికలో క్రిందికి దిగి దిగి, ప్రీఎంప్షన్ మోడల్ అను పంక్తికడకు వచ్చుసరికి బాబాయి చేతిలోని టీ చల్లారిపోవును. ఒక ప్రోగ్రాము పనిమీద కెర్నల్‌లో ప్రవేశించియుండగా, అంతకన్న తొందరగలది మరియొకటి వచ్చినచో, మొదటిదానిని నడుమ నాపి రెండవదానికి ప్రాసెసరు నీయవచ్చునా, కూడదా యనునదే అచ్చటి మీమాంస. కూడదన్నచో మొదటిది తన పని తాను ముగించుకొనువరకు రెండవది వాకిట పడియుండవలెను. మొత్తముమీద ఎక్కువ పని సాగును గనుక సర్వర్లకిది మేలు. వాలంటరీ యన్నచో కెర్నల్ తానే అచ్చటచ్చట నిలిచి, ఎవరైన కాచుకొనియున్నారా యని చూచుకొనును. ఫుల్ అన్నచో స్పిన్‌లాకు అను తాళము పట్టిన ఘట్టములవంటివి తప్ప ఎచ్చటనైనను ఆపవచ్చును. రియల్ టైమ్ అన్నచో ఆ స్పిన్‌లాకులలో సైతము పెక్కింటికి ఆ మినహాయింపు పోవును. ఇరువదేండ్లపాటు ప్యాచ్‌గా వెలుపలనే తిరిగిన ఈ కడపటి విద్య 2024లో 6.12 కెర్నల్‌తో మూలమున కలిసినది. దానిని కలుపుకొమ్మను విన్నపమును వియన్నాలో ఆ ప్యాచ్‌ను సాకిన థామస్ గ్లెయిక్స్‌నర్ బంగారు కాగితమున చుట్టి లినక్స్ జనకుడగు లైనస్ టోర్వాల్డ్స్‌కు సమర్పించెనని వినిన దినమున, బాబాయి సెక్టార్ 5 బాలాజీ గుడికేగి కొబ్బరికాయ కొట్టి వచ్చెను.

ఇంత సన్నాహమును దేనికనగా, ప్రొద్దున ఘంటసాల పాటలు వినుటకును, మాసమునకొకమారు కరెంటు బిల్లు కట్టుటకును. 130 మీటర్ల రైలుపట్టాను ఒక్క ముక్కగా సాగదీయు ఊరిలో ఆయుర్దాయమంతయు గడపినవాడు, ఒక్క మిల్లీసెకను కొరకు రాత్రులు జాగరము చేయుట చూచిన నాకు విరక్తి కలుగును. ఒకప్పుడు పాట నడుమ టక్కుటక్కుమని చప్పుడు రాదొడగెను. బాబాయి టైమరు వేగమును సెకనుకు 250 నుండి 1000 మార్లకు పెంచి, ఫుల్ ఎంచుకొని, కెర్నల్‌ను మరల కట్టెను. ఆ రాత్రియే అన్నకొడుకు “బాబాయ్, హెడ్‌ఫోను వైరు తెగిందేమో చూడు” అని, సుపేలా బజారునుండి క్రొత్తది తెచ్చి తగిలించెను. చప్పుడు పోయినమాట నిజము. ఆ కీర్తి మాత్రము నేటికిని ఫుల్‌దే.

ఆ కుర్రవాడే మరియొక అపచారము కూడ చేసెను. 2021 నాటి 5.12 నుండి డైనమిక్ అను సదుపాయమున్నదనియు, అది పెట్టి కట్టిన కెర్నల్‌నకు బూటువేళ ‘ప్రీఎంప్ట్=ఫుల్’ అని ఒక్క మాట చెప్పిన చాలుననియు, మరల మరల కట్టుకొనవలసిన పనియే లేదనియు విన్నవించెను. “అయితే నేనేటి సెయ్యాలిరా?” అని బాబాయి వానితో రెండు దినములు పలుకలేదు.

విశేషమేమనగా, యంత్రమునందు ఎవ్వరు వచ్చినను తక్షణము దారి యీయవలెనని పట్టుబట్టు ఈ మహానుభావుడు, తాను మాత్రము ఎవ్వరికిని దారి యీయడు. ట్యాప్‌హోల్ తెరచిన పిమ్మట లేడిల్ నిండువరకు ద్రవలోహమునాపుట ఎట్లసాధ్యమో, ఆయన ప్రసంగమునాపుటయు నట్లే. మొన్న నాకు మైక్రోసెకనుల మహిమ బోధించుచుండగా పిన్నిగారు లోపలినుండి “ఏవండీ, సిలిండరబ్బాయి గుమ్మంలో నిలబడ్డాడు, ఓటీపీ చెప్పండి” అనిరి. “ఈ ఒక్క ముక్క పూర్తవనీయవే” అని బాబాయి. ముక్క పూర్తియగుసరికి సిలిండరు వీధి మలుపు దాటిపోయెను. ఆ పూట ఇండక్షన్ పొయ్యిమీద ఉప్మాయే గతియయ్యెను. పిన్నిగారు కోపపడలేదు, రియల్ టైమ్ అనగా నేమని మాత్రము నన్నడిగిరి.

కావున భిలాయికి వచ్చు చుట్టములకు నాదొక మనవి. బాబాయి ఇంట భోజనము చేయుడు, ఆవకాయ మెచ్చుకొనుడు, మైత్రీబాగు చూచి రండు. కాని ఏ కెర్నల్ వాడుచున్నారని మాత్రము సాయంకాలమున పొరపాటునను అడుగకుడు. విశాఖకు పోవు వందే భారత్ దుర్గ్ స్టేషనునుండి తెల్లవారుజాముననే బయలుదేరును.