స్కాన్ కొట్టు, పాఠం పట్టు

మన తెలంగాణ పాఠ్యపుస్తకాలు బాగుపడ్డాయి. నమ్మకం లేకపోతే పాఠం పక్కన చూడండి, నల్ల గళ్ల ముద్ర ఒకటి కనిపిస్తుంది. అదే క్యూఆర్ కోడ్. 2017 సెప్టెంబర్ 5న ఢిల్లీలో దీక్ష అనే డిజిటల్ చదువుల వేదికను మన వెంకయ్యనాయుడే ఉపరాష్ట్రపతి హోదాలో ప్రారంభించారు. ఆ వెనకే ఈ ముద్ర వచ్చి మన పుస్తకాల్లో కూర్చుంది. ఫోన్ చూపిస్తే చాలు, పాఠం లేచి మాట్లాడుతుందన్నారు.

గిరిజనుల అభివృద్ధికని ఐటీడీఏ పెట్టిన ఏటూరునాగారంలోనే దీని పనితనం చూద్దాం. ఇంటికి ఒక్కటే ఫోన్, అదీ పొద్దున్నే నాన్న జేబులో మిర్చి కల్లానికి పోతుంది. చీకటి పడ్డాక తిరిగొచ్చేసరికి చార్జింగ్ ఉండదు. చార్జింగ్ ఉన్న రోజు డేటా అయిపోతుంది. రెండూ ఉన్నా, కొండాయి లాంటి వాగు అవతలి ఊళ్లలో సిగ్నల్ దయ తలచాలి. అన్నీ కలిసొచ్చి పిల్ల స్కాన్ కొడితే ‘యాప్ అప్‌డేట్ చేయండి’ అని వస్తుంది. గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. పిల్ల నిద్రపోతుంది.

సరే, దిగిందే అనుకుందాం. వచ్చేదేమిటి? ఒక్కోసారి చేతిలో ఉన్న పుస్తకమే, పీడీఎఫ్‌గా! ప్రెస్సుకు పంపిన ఫైలునే ఎక్కించి డిజిటల్ పాఠ్యపుస్తకం అని పేరు పెట్టారు. చిన్న తెర మీద అక్షరం కనబడాలంటే రెండు వేళ్లతో సాగదీయాలి. సాగదీస్తే సగం వాక్యం తెర దాటిపోతుంది. అటు జరిపి, ఇటు జరిపి, క్రియ దగ్గరికి చేరేసరికి కర్త ఎవరో గుర్తుండదు. కాగితం పుస్తకంలో ఇంత వ్యాయామం ఎక్కడిది?

ఇంకో విశేషం ఉంది. మన తెలుగు డీటీపీ చాలావరకు పాత అను ఫాంట్లనే పట్టుకు వేలాడుతోంది. అలా కొట్టిన పేజీలో ఒక మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి. చూపులేని పిల్లవాడు స్క్రీన్ రీడర్ పెట్టుకుంటే అది ఆ పిచ్చిగీతలనే శ్రద్ధగా చదివి వినిపిస్తుంది. అదే పుస్తకం యూనికోడ్‌లో కొట్టి ఈపబ్ అనే ఈ-పుస్తకంగా ఇస్తే అక్షరం ఏ తెరకు ఆ తెరకు సర్దుకుంటుంది. చదివి వినిపించే గొంతు కూడా అందులోనే ఇమిడిపోతుంది, ఒకసారి ఫోన్‌లో పడితే నెట్‌తో పని లేదు. ఇదేమీ నిన్న పుట్టిన విద్య కాదు. కాకపోతే ఫాంటు మార్చినందుకు రిబ్బన్ కత్తిరించే ఆచారం మనకు లేదు.

ఆ గొంతు అక్కడి గిరిజనుల భాష కోయలో పలికితే? 2011 జనాభా లెక్కల నాటికే కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షలు దాటారు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో మాత్రం దానికి చోటు లేదు. ఇంట్లో కోయ తప్ప వినని పిల్లకు ఒకటో తరగతిలో తెలుగే పరాయి. 2022-23 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు అచ్చేసి, రాని భాషలు రెండింటిని ఆ పిల్ల ముందు పెట్టి ద్విభాషా పుస్తకం అన్నాం. కోయ వచ్చిన సారు పాఠం చెబుతుంటే రికార్డు చేసి, మెమరీ కార్డులో వేసి ఇస్తే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే పని ఉండదు. కానీ మెమరీ కార్డులో విన్న పాఠం హైదరాబాద్ డ్యాష్‌బోర్డులో అంకెగా మారదు. అంకె లేని చదువును సమీక్షా సమావేశంలో ఏమని చూపిస్తారు పాపం?

పుస్తకం దిద్దడం అంత తేలిక కాదని మాత్రం అనకండి. 2024 జూన్‌లో బడులు తెరవగానే పంచిన తెలుగు పుస్తకాల ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరే ఉండిపోయింది. ఆగమేఘాల మీద పుస్తకాలు వెనక్కి తీసుకున్నారు, బంక తెచ్చి ఆ పేజీ కనబడకుండా అంటించారు. సర్వర్ డౌన్ అని ఎవరూ అనలేదు.